శంఖం మళ్లీ తుస్సుమంది

భోం అని మొదలవుతుంది, రెండు సెకన్లకే తుస్సు. ఇంత విసుగు ఏ గుల్లా తెప్పించలేదు.

తూత్తుకుడి ముడి శంఖం ఇది. పొడవు 158 మి.మీ., బరువు 640 గ్రాములు. మొన నుంచి 21 మి.మీ. దగ్గర కోశాను. ఊదే రంధ్రం 11 మి.మీ. ఉన్నప్పుడు వట్టి గాలే. 13కి పెంచితే నాదం పుట్టింది, కానీ చీలింది. 15కి ఈ తుస్సు. అంచుని 600 నంబరు వాటర్ పేపర్‌తో గుండ్రం చేసినా తేడా లేదు.

లీకేమోనని శంఖం నోటిని రబ్బరు షీటుతో మూసి, బకెట్‌లో ముంచి పైనుంచి ఊదాను. గుల్ల భుజం దగ్గర సన్నటి బుడగల వరుస! సముద్రంలో ఉండగానే తొలిచే స్పాంజి చేసిన చిల్లులు. పుట్టీ రకాలు ఇంత సన్నటి చిల్లుల్లోకి దిగవు, అందుకే అరాల్డైట్ జిగురు పోశాను. బుడగలు ఆగాయి. తుస్సు ఆగలేదు.

టార్చి వేసి చూస్తే మొదటి మలుపులో నడి స్తంభం (మలుపులన్నీ చుట్టుకునే లోపలి కడ్డీ) అంచు 6 మి.మీ. దాకా లోపలికి పొడుచుకొచ్చి ఉంది. దారిలో మూడో వంతు అదే మూసేస్తోంది. ఇసుకలో పురుగుల్ని వేటాడి తినే ఈ నత్త గుల్లని ఎంత మందంగా కట్టుకుంటుందో! ఆ మందం వల్లే బెంగాల్‌లో శాఖా అనే చేతి గాజులు దీన్నుంచి కోయగలుగుతున్నారు. ఊదేవాడికి మాత్రం అదే అడ్డం. నా అనుమానమంతా ఇప్పుడు ఆ అంచు మీదే.

ఊదే చోట ఇత్తడి మూతి బిగించెయ్యమంటారు అందరూ. నాకు నచ్చదు, బాకా ఊదినట్టుంటుంది. 3 మి.మీ. డైమండ్ బర్‌తో (గిర్రున తిరిగే చిన్న ఆకురాయి మొన) లోపలి ఆ అంచుని అరగదియ్యాలి, అదీ నీళ్లు పోస్తూనే. ఈ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. చేత్తో పట్టుకునే డ్రెమెల్ మోటారు కన్నా కంసాలులు వేలాడదీసుకునే ఫ్లెక్స్ షాఫ్ట్ మోటారుకే నా ఓటు, మలుపులోకి చెయ్యి తిరుగుతుంది. అప్పటికీ లొంగకపోతే ఇంకో 4 మి.మీ. కిందికి కోస్తాను. శ్రుతి కాస్త పెరుగుతుంది, పెరగనీ.

పగిలిన ఇంకో శంఖం నుంచి 4 మి.మీ. మందం చేతి గాజు శుభ్రంగా వచ్చింది.

తర్వాత చెక్కుడు పని పెట్టుకోవాలని ఉంది. ఇటలీ టోర్రె దెల్ గ్రెకో ఊళ్లో కామియోలు (ఉబ్బెత్తు బొమ్మలు) చెక్కేది హెల్మెట్ గుల్లల మీద. గోధుమ రంగు పొర మీద తెల్ల పొర ఉంటుంది వాటికి. మన దగ్గర కొమ్ముల హెల్మెట్ గుల్ల వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవి, ముట్టుకోకూడదు. శంఖమేమో అంతా తెలుపే, రంగుల తేడా రాదు. అందుకని మిగిలిన ముక్కల మీద లోతుగా ఆకుల డిజైన్ వేసి, గాళ్లలో కాటుక రుద్ది చూస్తాను.