టీకా మచ్చ, ఆవు, చెరకు కన్ను

మా నాయనమ్మ భుజం మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉండేది. ఏంటిదని అడిగితే "అమ్మవారు పోయకుండా టీకా వేశార్రా" అనేది. అమ్మవారంటే మశూచి. ఆ టీకా, దాని ఇంగ్లీషు జోడీ వ్యాక్సిన్, ఈ మాటలు ఎక్కడివో ఈమధ్య తీరిగ్గా చూస్తే నాకు నిద్ర పట్టలేదు, అంత బాగున్నాయి.

వ్యాక్సిన్‌లో ఉన్నది ఆవు. లాటిన్‌లో వాక్కా అంటే ఆవు. ఇంగ్లండులో బర్క్‌లీ అనే ఊళ్లో ఎడ్వర్డ్ జెన్నర్ అనే డాక్టరు, పాలు పితికే సారా నెల్మ్స్ చేతికి ఆవుల నుంచి అంటుకున్న పొక్కుల్లోని రసి తీసి, 1796 మే 14న ఎనిమిదేళ్ల జేమ్స్ ఫిప్స్ చేతికి గాటు పెట్టి ఎక్కించాడు. తర్వాత అసలు మశూచి రసినే ఎక్కించి చూస్తే పిల్లాడికి ఏమీ కాలేదు (ఆ పిల్లాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది). 1798లో వేసిన పుస్తకంలో ఆవులకొచ్చే ఆ జబ్బుకు ఆయన లాటిన్‌లో పెట్టిన పేరు వేరియోలే వాక్సినే, అంటే ఆవు మశూచి. అక్కడి నుంచే వ్యాక్సిన్. 1881లో లూయీ పాశ్చర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, జెన్నర్ మీద గౌరవంతో, ఆవుతో సంబంధం లేని మందులకు కూడా ఇదే పేరు వాడదామన్నాడు. అలా పోలియో చుక్కలూ, హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జినూ అన్నీ వ్యాక్సిన్లే అయ్యాయి.

ఇలా ఒంట్లోకి రసి ఎక్కించడాన్ని ఇనాక్యులేషన్ అంటారు, అది ఇంకా పాత మాట, నాకు అన్నిటికంటే ఇష్టమైనది కూడా. అందులో ఉన్నది ఓక్యులస్, అంటే కన్ను. చెట్టు మొగ్గను కన్ను అనేవాళ్లు, ఒక చెట్టు కన్ను తీసి ఇంకో చెట్టు బెరడులో పెట్టి అంటు కట్టడమే మొదట ఆ మాటకు అర్థం. మన రైతులు చెరకు నాటేటప్పుడు విత్తనంగా పెట్టే గడ ముక్కల్ని "మూడు కళ్ల ముచ్చెలు" అంటారు కదా, అదే కన్ను!

మన టీకా హిందీ నుంచి వచ్చింది, అక్కడ టీకా అంటే బొట్టు. చర్మం మీద గుర్తు పెట్టడమే కదా మరి. టీకా తాత్పర్యంలో టీకా అంటే వ్యాఖ్యానం, దాన్ని దీనితో కలపకండి. మశూచిలోనేమో పప్పు ఉంది: సంస్కృతంలో మసూరిక, పొక్కులు మసూర్ పప్పంత ఉంటాయని.

1980 మే 8న మశూచి లోకంలోనే లేదని ప్రకటించారు. నా భుజం మీద ఉన్నది క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా మచ్చ. నాయనమ్మకున్న మచ్చ ఇప్పుడు మా ఇంట్లో నాన్నకొక్కడికే ఉంది.