అమ్మమ్మకి మాత్రం బిల్లు ఎందుకు?

మా అమ్మ విజిటర్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చి పదిరోజులు కాకముందే మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. చెయ్యి అంత వాచినా హాస్పిటల్ వద్దంటే వద్దు, బిల్లు లక్షల్లో వేస్తారటగా, ఓ గుడ్డ కట్టండి చాలు అని ఒకటే గొడవ. ఇక్కడ ఏ అండ్ ఈ లో, అంటే ఎమర్జెన్సీలో, చూడ్డానికి విజిటర్లకైనా డబ్బుల్లేవు, అడ్మిట్ చేసుకున్నా, అవుట్‌పేషెంట్‌గా పంపినా అక్కణ్ణుంచే మీటర్ తిరుగుతుంది, అదీ అసలు ఖర్చుకి 150 శాతం. జీపీకి, అంటే మన ఏరియా ఫ్యామిలీ డాక్టర్‌కి, చూపించుకోడం ఫ్రీయే. అవన్నీ చెప్పి ఎలాగో తీసుకెళ్ళాం.

ఎక్స్‌రే, కట్టు అన్నీ అయ్యాయి, పైసా అడగలేదు. తర్వాత ఫ్రాక్చర్ క్లినిక్‌కి వెళ్తే మాత్రం ముందు పాస్‌పోర్ట్, వీసా చూపించమన్నారు. పక్కన మా ఎనిమిదేళ్ళది ఉంది. దానికి స్కూల్లో ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం) అందరికీ ఫ్రీ అని చెప్పారట, "మరి అమ్మమ్మకెందుకు బిల్లు? తనేం చేసింది?" అని ఇంగ్లీషులో, లైన్లో అందరూ తిరిగి చూసేంత గట్టిగా నన్ను నిలదీసింది.

బస్సులో చెప్పా. మనకీ ఊరికే రాలేదే, వీసా అప్పుడే హెల్త్ సర్‌ఛార్జ్ కట్టాం, ఏడాదికి పెద్దాళ్ళకి 1,035 పౌండ్లు, పిల్లలకి 776, మన నలుగురికి మూడేళ్ళది కలిపి 10,866, అంతా ఒకేసారి ముందే, పైగా మీ నాన్న జీతంలో టాక్సూ నేషనల్ ఇన్సూరెన్సూ విడిగా పోతూనే ఉంటాయి అని. (2015లో మొదలుపెట్టినప్పుడు ఇది 200 పౌండ్లే!) పిల్లేమో "మన ఎన్‌హెచ్‌ఎస్" అంటుంది, నేనేమో అద్దెకున్నదాన్లా రసీదులు లెక్కపెడుతున్నా.

"ఐతే అమ్మమ్మకీ కట్టేద్దాం" అంది. ఆరు నెలల విజిటర్‌కి ఆ సర్‌ఛార్జ్ కట్టే దారే లేదు, ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోవడమే. మేం తీసుకున్నాం కాబట్టి బతికిపోయాం. మీరూ పేరెంట్స్‌ని పిలిపించుకుంటుంటే అది మర్చిపోకండి, బిల్లొస్తే పక్కన పడెయ్యకండి, 500 పౌండ్లు దాటిన బాకీ రెండు నెలలు అలాగే ఉంటే తర్వాతి వీసా రిజెక్ట్ అయ్యే ఛాన్స్ ఉంది.

ఇంటికొచ్చాక ఇదంతా అమ్మమ్మకి తనే చెప్తానని కూర్చుంది. విజిటర్‌ని తెలుగులో ఏమనాలో తెలీక, "నువ్వు చుట్టం కదా అమ్మమ్మా, అందుకే డబ్బులు" అంది. మా అమ్మ కట్టు కట్టిన చెయ్యి చూసుకుని, "చుట్టాల దగ్గరే డబ్బులు తీసుకుంటారటే?" అంది.