“గురించి” తెచ్చిన తంటా

“వియ్ విల్ డిస్కస్ అబౌట్ ది ఎగ్జామ్.” పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో కనబడింది. ఆ ‘అబౌట్’ అక్కర్లేదు.

డిస్కస్ సకర్మక క్రియ. కర్మ దాని పక్కనే కూర్చుంటుంది: డిస్కస్ ది ఎగ్జామ్. అదే డిస్కషన్ అంటే నామవాచకం, నేరుగా కర్మ తీసుకోలేదు. అందుకే ‘ఎ డిస్కషన్ అబౌట్ ది ఎగ్జామ్’. మనం “పరీక్ష గురించి చర్చిద్దాం” అని తెలుగులో అనుకుని రాస్తాం కదా, ఆ ‘గురించి’యే ‘అబౌట్’ వేషంలో దూరుతుంది.

ఎంఫసైజ్ (నొక్కి చెప్పడం, క్రియ), ఎంఫసిస్ (నామవాచకం)లదీ ఇదే కథ. ‘ఆన్’ రెండోదానికే.

రిక్వెస్ట్ ఇంకా చిక్కు. క్రియకీ నామవాచకానికీ స్పెల్లింగ్ ఒకటే! ‘మై రిక్వెస్ట్ ఫర్ లీవ్’ సరే. ‘ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్’ తప్పు. ముందు మై, ఎ, ది ఉంటే నామవాచకం, ఫర్ పెట్టండి. ముందు ఐ, వియ్ లాంటి కర్త ఉంటే క్రియ, ఫర్ తీసేయండి. లీవ్ లెటర్లలో సగం ఇక్కడే జారిపడతాయి.

అలాగని టాక్ పక్కనున్న అబౌట్ కూడా పీకేయకండి బాబూ, అది అకర్మక క్రియ, కర్మను నేరుగా తీసుకోదు. ‘టాక్ అబౌట్ ది ఎగ్జామ్’ అనే అనాలి.