కామా దగ్గర ఆగిన వాక్యం కోసం లైబ్రరీకి వెళ్లాను

అప్పీలు వాదనకు ఇంకా 10 రోజులుంది. ఎదుటి పక్షం లాయరుగారు తన నోట్‌లో ఎప్పటిదో పాత లా జర్నల్ వ్యాసంలోంచి ఒక వాక్యం ఎత్తి రాశారు. మొత్తం వ్యాసం చదవనిదే జవాబు రాయలేను. నా ఆఫీసుకున్న లీగల్ డేటాబేస్ సబ్‌స్క్రిప్షన్‌లో అది లేదు. అది దొరికే ప్యాకేజీ నాలా ఒక్కరే ప్రాక్టీసు చేసుకునేవాళ్లు కొనగలిగింది కాదు.

“లా చదివే మా తమ్ముడి పాస్‌వర్డ్ ఉంది మేడమ్, ఒక్క నిమిషం పని” అన్నాడు జూనియరు. వద్దన్నాను. లా స్కూలు విద్యార్థులకు వెస్ట్‌లా, లెక్సిస్ లాంటి లీగల్ డేటాబేస్‌ల పాస్‌వర్డ్‌లు ఇచ్చేది చదువుకోవడానికి. ఫీజు తీసుకున్న కేసుకు వాటిని వాడితే తప్పు మనది, చిక్కుల్లో పడేది ఆ కుర్రాడు.

యూనివర్సిటీ లా లైబ్రరీకి ఫోన్ చేశాను. బయటివాళ్లు వచ్చి చూసుకోవచ్చా అని మాత్రమే అడిగి ఊరుకోలేదు, కేసు పనికి వాడుకోవచ్చా అని కూడా అడిగాను. ఈ రెండో ప్రశ్నే ముఖ్యం. చాలా డేటాబేస్‌ల ఒప్పందాల్లో ‘వాక్-ఇన్ యూజర్’ అనే వెసులుబాటు ఉంటుంది. అంటే లైబ్రరీకి వచ్చి, అక్కడి కంప్యూటర్ మీదే చూసుకునేవాళ్లు. కొన్ని ఒప్పందాలు మాత్రం వృత్తిపరమైన వాడకాన్ని ఒప్పుకోవు. లైబ్రేరియన్‌గారు ఒప్పందాలు తిరగేసి, పాత లా జర్నళ్లు దొరికే హైన్‌ఆన్‌లైన్ అనే డేటాబేస్ తమ దగ్గర వాడుకోవచ్చని చెప్పారు.

గుర్తింపు కార్డు చూపిస్తే ఆ రోజుకు గెస్ట్ లాగిన్ ఇచ్చారు. నేను రెండు మాటలు కొట్టేసరికి ఫలితాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. లైబ్రేరియన్‌గారు పక్కన కూర్చుని, ఆ రెండు మాటలూ దగ్గర దగ్గరగా ఉన్నచోట్లే చూపించమని ఎలా అడగాలో నేర్పారు. “మీ వాదన నిలుస్తుందా లేదా అన్నది నేను చెప్పకూడదు, ఎలా వెతకాలో ఎంతసేపైనా చెప్తాను” అన్నారు. ఆ నేర్పు ఏ సబ్‌స్క్రిప్షన్‌లోనూ రాదు.

హైన్‌ఆన్‌లైన్‌లో ఉండేది అచ్చయిన పేజీకి ఫోటో లాంటిది. పేజీ నంబరు, ఫుట్‌నోట్, అన్నీ ఉన్నవున్నట్టే కనిపిస్తాయి. నాకు కావలసిన పేజీ తెరిచాను. ఎదుటివాళ్లు చుక్క పెట్టి ముగించిన చోట అసలు పేజీలో కామా ఉంది! దాని తర్వాత, “నోటీసు అందినట్టు రుజువైతేనే” అనే అర్థంలో మరో సగం వాక్యం. మా కేసంతా ఆ నోటీసు మీదే నడుస్తోంది. మూడుసార్లు చదువుకున్నాను.

అది పదిమందీ వాడే కంప్యూటర్ కాబట్టి క్లయింటు పేరు ఎక్కడా టైపు చేయలేదు. పేజీలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, డౌన్‌లోడ్ ఫోల్డరు ఖాళీ చేసి, లాగౌట్ అయ్యాకే లేచాను. ఆ వ్యాసం ఆధారపడిన తీర్పు ఇంకా నిలబడి ఉందా, తర్వాత ఎవరైనా కొట్టేశారా అన్నది ఆఫీసుకొచ్చి నా సొంత సబ్‌స్క్రిప్షన్‌లో చూసుకున్నాను. నిలబడే ఉంది.

మర్నాడు ఆ పేజీ ప్రింటు జవాబు నోట్‌కు జతచేశాను, కామా కింద పెన్సిల్ గీత గీసి.