మిరప ముక్కు

మిరప మా ఇంట్లో పెరిగే లవ్‌బర్డ్, అంటే చిన్న చిలుక. నా వేలి మీదకి ఎక్కేముందు ప్రతిసారీ దాన్ని ముక్కుతో పట్టుకుని చూస్తుంది. గట్టిగా కాదు, ఇది కదిలే కొమ్మా కదలని కొమ్మా అని తేల్చుకునేంత మాత్రమే. ఇంటికి వచ్చినవాళ్ళు మాత్రం ఆ ముక్కు దగ్గరికి రాగానే "అమ్మో, కరిచేస్తోంది" అంటూ చేయి వెనక్కి లాగేసుకుంటారు. అది తూలుతుంది. పడిపోతానన్న భయంతో రెండోసారి నిజంగానే గట్టిగా పట్టుకుంటుంది. "చూశావా, కరిచింది" అంటారు వాళ్ళు. లవ్‌బర్డ్స్ పెంచేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నల్లో సగానికి సగం ఇక్కడే పుడతాయని నా అనుమానం.

ఈ పక్షికి ముక్కు అంటే నోరొక్కటే కాదు, చేయి కూడా. నిజానికి కాలు కూడా. 2022లో వచ్చిన ఒక పరిశోధనలో మిరప జాతివాటినే, అంటే రోజీ ఫేస్డ్ లవ్‌బర్డ్స్‌ని, నిలువుగా ఉన్న దారి ఎక్కించి ఏ అవయవం ఎంత బలం పెడుతోందో కొలిచారు. ముక్కు ఊరికే ఆసరాగా ఆనించడం లేదు, మూడో కాలులాగా ఒంటిని పైకి లాగుతోంది అని తేలింది. పంజరం ఊచల మీద అది పాకడం చూసినవాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు. ఒక కాలు, ముక్కు, ఇంకో కాలు, మళ్ళీ ముక్కు. కాబట్టి ముక్కు మీదకి వస్తే చేయి కదపకండి. కొత్త పక్షి అయితే వేలి బదులు ఒక కర్రతో మొదలుపెట్టండి. ఎక్కగానే కొర్ర కంకి ముక్క ఒకటి ఇవ్వండి. కర్ర మీద ధైర్యం వచ్చాక వేలికి అలవాటు పడటం కష్టం కాదు.

నిజంగా కరిచే సందర్భాలూ ఉన్నాయి. వాటికి ముందు హెచ్చరిక ఉంటుంది, మనం చూసుకోం, అంతే. మెడ ముందుకి సాగుతుంది, ఈకలు ఒంటికి అంటుకుపోయి పక్షి సన్నగా కనిపిస్తుంది, నోరు కొద్దిగా తెరుచుకుంటుంది. ఇది "ఇంకొక్క అడుగు ముందుకి రాకు" అని చెప్పడం. దానికి సరిగ్గా వ్యతిరేకం, తల వంచి మెడ మీద ఈకలు ఉబ్బించి నిలబడటం. అప్పుడు గోకించుకోవాలని ఉన్నట్టు. ఈ రెండింటికీ తేడా తెలిస్తే చాలు, వేలికి ప్లాస్టర్లు చుట్టుకునే పని చాలావరకు తప్పుతుంది.

కరిచినప్పుడు అరవకండి, ముఖం మీద ఊదకండి. మన అరుపు వాటికి శిక్ష కాదు, వినోదం. నేనైతే మారు మాట్లాడకుండా దాన్ని దగ్గర్లోని స్టాండ్ మీద దింపేసి కాసేపు అటు చూడను. ఈకలు రాల్చే రోజుల్లో మాత్రం దాన్ని ఏమీ అనను. తల మీద ముళ్ళలాగా మొలిచే కొత్త ఈకల్ని అటూఇటూగా తాకితే నొప్పి పుడుతుంది. చిరాకు పడే హక్కు దానికి ఉంది.

పంజరం సంగతి వేరు. బయట నా భుజం మీద గంటలకొద్దీ కునికిపాట్లు పడే మిరప, పంజరంలో గిన్నె మార్చడానికి చేయి పెడితే పులి అయిపోతుంది. అది మొండితనం కాదు. ఈ జాతిలో ఆడవి గూడు విషయంలో చాలా కచ్చితంగా ఉంటాయి. దాని లెక్కలో పంజరం మొత్తం గూడే. అందుకని అది బయట ఎగురుతున్నప్పుడే నేను ట్రే కడుగుతాను, నీళ్ళు మారుస్తాను. పంజరంలోనే చేతికి మచ్చిక చేసుకోవాలని పంతం పట్టేవాళ్ళని చూస్తే జాలేస్తుంది, మనుషుల మీద కాదు, పక్షి మీద.

గూడు గురించి ఇంకా చెప్పాలి, ఎందుకంటే ఈ పక్షి చేసే పనుల్లో సగం అక్కడికే చేరతాయి. అగాపోర్నిస్ అనే ఈ ప్రజాతిలో మొత్తం 9 జాతులున్నాయి. ఎనిమిది ఆఫ్రికా ఖండానివి, ఒకటి మడగాస్కర్‌ది. ఇళ్ళలో ఎక్కువగా కనిపించేవి మూడు: రోజీ ఫేస్డ్, ఫిషర్స్, మాస్క్డ్. మిరప జాతి నైరుతి ఆఫ్రికాలోని ఎండు నేలల్ది. అక్కడ రాతి పగుళ్ళలోనూ, సోషబుల్ వీవర్ పిట్టలు కట్టే పెద్ద ఉమ్మడి గూళ్ళలోనూ కాపురం పెడుతుంది. సందు కనబడితే దూరడం దాని రక్తంలోనే ఉంది. సోఫా వెనక, పుస్తకాల అర మూల, చొక్కా జేబు, ఏదైనా సరే.

ఆ తర్వాత కాగితం. కత్తెరతో కత్తిరించినట్టు, ఒకే వెడల్పులో, పొడుగ్గా ముక్కలు చేస్తుంది. ముక్కుతో వరసగా రంధ్రాలు పొడుచుకుంటూ వెళ్ళి, చివర్న చీలుస్తుంది. చీల్చిన దాన్ని నడుము మీది ఈకల్లో దోపుకుని ఎగురుతుంది. సగం దారిలోనే రాలిపోతాయి. ఇల్లంతా కాగితం ముక్కలు. ఫిషర్స్ జాతి అలా చేయదు, ముక్కుతో పట్టుకుని తీసుకెళ్తుంది. 1962లో విలియం డిల్గర్ అనే శాస్త్రవేత్త ఈ రెండు జాతుల్నీ జత కలిపి పుట్టిన పిల్లల గురించి రాశాడు. అవి పాపం ముక్కల్ని ఈకల్లో దోపుకోవాలని చూసేవి. కానీ దోపడం సరిగ్గా కుదిరేది కాదు. ముక్కుతో మోయడానికి బాగా అలవాటు పడేసరికి ఏళ్ళు పట్టింది. అప్పటికి కూడా ముందు తల వెనక్కి తిప్పే అలవాటు పూర్తిగా పోలేదు. పుట్టుకతో వచ్చినదీ నేర్చుకున్నదీ ఒకే పక్షిలో అలా పెనుగులాడటం చదివాక, మిరప నా బిల్లుల్ని చీల్చినా కోపం రావడం మానేసింది. ఇప్పుడు దానికని విడిగా, రంగు అచ్చు లేని తెల్ల కాగితాలు పెడుతున్నాను.

ఈ సరదా వెనక ఒక చిక్కు ఉంది. కాగితం, చీకటి మూల, ఎక్కువసేపు వెలుతురు, పుష్కలంగా తిండి, వీపు నిమిరే మనిషి. ఇవన్నీ కలిస్తే ఆడపక్షి ఒంటికి "గుడ్లు పెట్టే కాలం వచ్చేసింది" అని అర్థమవుతుంది. మగది ఉండక్కర్లేదు. వరసగా గుడ్లు పెడుతూ పోతే ఒంట్లో కాల్షియం తరిగిపోతుంది, గుడ్డు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదకి రావచ్చు. పొట్ట ఉబ్బి, పంజరం అడుగున కూర్చుని ముక్కుతూ ఉంటే ఇంటి వైద్యాలు, నూనె రాయడాలు వద్దు, వెంటనే పక్షుల డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. గుడ్డు పెట్టేసిందంటే దాన్ని వెంటనే తీసేయకండి. తీస్తే ఆ లోటు పూడ్చడానికి ఇంకోటి పెడుతుంది. పొదగడానికి సుమారు 23 రోజులు. మగతోడు లేని గుడ్లయితే దానికే విసుగొచ్చి లేచిపోయేదాకా ఉంచాలి. చీకటి సందులు మూసేయడం, గూడు పెట్టె ఇవ్వకపోవడం, రాత్రి 12 గంటలు నిశ్శబ్దంగా చీకట్లో పడుకోనివ్వడం, నిమిరితే తల, మెడ మాత్రమే నిమరడం. నేను పాటించేది ఇంతే. కాల్షియం కోసం కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్ర జీవి ఒంట్లోని గట్టి పెంకు) ఎప్పుడూ పంజరంలో వేలాడుతూ ఉంటుంది.

అది నా ఉంగరం ముందు తల ఊపుతూ తిన్నదాన్ని కక్కి పెట్టినప్పుడు మొదట్లో జబ్బేమో అని టెన్షన్ పడ్డాను. అది జతగా అనుకున్నవాళ్ళకి తినిపించే పద్ధతి. తల ఊపుతూ, ఎవరికో పెడుతున్నట్టు కక్కితే ప్రేమ. తల విదిలిస్తూ, ముఖమంతా పులుముకుంటే జబ్బు. ప్రేమ అయినా దాన్ని ప్రోత్సహించను. ఉంగరం తీసి పక్కన పెడతాను. అద్దం కూడా ఇవ్వను.

ఒంటరిగా ఉంటే లవ్‌బర్డ్ బెంగతో చచ్చిపోతుందని ఒక మాట ప్రచారంలో ఉంది. మనిషి రోజులో చాలాసేపు తోడుంటే ఒక్కటే హాయిగా బతుకుతుంది, 10 నుంచి 15 ఏళ్ళు. కానీ ఇంట్లో పగలంతా ఎవరూ లేకపోతే రెండోది ఉండటమే న్యాయం. మా ఇంటికి మబ్బు అనే రెండో పక్షి వచ్చింది అందుకే. నెల రోజులకి పైగా వేరే గదిలో ఉంచి, డాక్టర్‌కి చూపించి, తర్వాత పంజరాలు పక్కపక్కన పెట్టి, ఆ తర్వాత రెండింటికీ చెందని బల్ల మీద కలిపాను. ఈ జాతిలో చూసి ఆడా మగా చెప్పలేం, ఈకతో డీఎన్‌ఏ టెస్ట్ చేయించాలి. రెండూ ఆడవే అని తేలింది. అయినా జత కట్టాయి. ఒకదాని తల ఒకటి దువ్వుకుంటాయి, నోటికి నోరు తినిపించుకుంటాయి, మధ్యలో తన్నుకుంటాయి. జత కుదిరింది కాబట్టి సరిపోయింది. కుదరకపోతే రెండు పంజరాలు శాశ్వతంగా ఉండేవి. బడ్జీలు, ఫించ్‌లు లాంటి వేరే చిన్న పెంపుడు పక్షులతో మాత్రం వీటిని ఎప్పుడూ కలపకూడదు. ఎదుటి పక్షి కాలివేళ్ళు పట్టుకుని కొరికేస్తాయి. ఒక్క నిమిషం చాలు.

తిండి విషయంలో నాకు మొహమాటం లేదు. గింజలు మాత్రమే పెట్టడం పక్షికి మెల్లగా హాని చేయడమే. పొద్దుతిరుగుడు గింజలంటే పడిచస్తాయి. అందులో కొవ్వు ఎక్కువ, కాలేయం పాడవుతుంది. గింజల్లో విటమిన్ ఏ చాలదు. పెల్లెట్లు (పోషకాలు కలిపి చేసిన గుళికల మేత), ఆకుకూరలు, క్యారట్ లాంటివి అలవాటు చేయాలి. ఆకులు కడిగి తడిగానే వేలాడదీస్తే మా రెండూ వాటికి ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, ఆ తర్వాత తింటాయి. పెల్లెట్లకి మారేటప్పుడు తింటున్నాయో లేదో బరువు చూస్తూ మెల్లగా మార్చాలి. అవకాడో, చాక్లెట్, కాఫీ, ఉల్లి అసలు వద్దు. ఇంకొకటి: గింజల గిన్నె నిండుగా కనిపిస్తే నమ్మకండి. పైన ఉన్నదంతా పొట్టే అయి ఉండొచ్చు. ఊది చూస్తే గానీ అడుగున ఏముందో తెలియదు.

గాలి ఇంకా ముఖ్యం. పక్షి ఊపిరితిత్తులు, గాలి తిత్తులు గాలిలోని ప్రతిదాన్నీ మనకంటే వేగంగా లోపలికి లాక్కుంటాయి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగ నిమిషాల్లో చంపేస్తుంది. మనకి వాసన కూడా తెలియకపోవచ్చు. మా వంటింట్లో నాన్‌స్టిక్ లేదు. సెంట్లు, రూమ్ స్ప్రేలు, సిగరెట్ పొగ కూడా వాటి గదికి దూరం. ఎగరడానికి వదిలేటప్పుడు ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, అద్దాల మీద తెర వేస్తాను. రెక్కలు కత్తిరించడం నాకు ఇష్టం లేదు. 50 గ్రాముల ఒంటికి ఉన్న వ్యాయామం ఎగరడం ఒక్కటే.

వేడికి రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని నోరు తెరిచి రొప్పుతాయి. అమెరికాలో ఫీనిక్స్ నగరంలో మిరప జాతి పెంపుడు పక్షులు తప్పించుకుని ఒక పెద్ద గుంపే స్థిరపడింది. ఎండ ముదిరినప్పుడు అవి ఒక విశ్వవిద్యాలయ భవనం నుంచి చల్లగాలి వచ్చే రంధ్రాల దగ్గర బారులు తీరడాన్ని పరిశోధకులు 2021లో రాశారు. ఎడారి పక్షి కదా, ఎండ తట్టుకుంటుందిలే అనేవాళ్ళకి నేను ఈ కథే చెబుతాను.

జబ్బుని దాచిపెట్టడంలో వీటిని మించినవి లేవు. గుంపులో బలహీనంగా కనిపించినదే వేటకి దొరుకుతుంది కాబట్టి చివరిదాకా మామూలుగానే నటిస్తాయి. పగలు ఉబ్బిపోయి కూర్చోవడం, ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగడం, అడుగున దిగిపోవడం కనిపించిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. అందుకే రోజూ పొద్దున తిండికి ముందు గ్రాముల కాటా మీద నిలబెడతాను. 50 గ్రాముల పక్షి 5 గ్రాములు తగ్గితే డాక్టర్‌కి ఫోన్. ట్రేలో తెల్ల కాగితమే పరుస్తాను, రెట్ట స్పష్టంగా కనిపించాలి: ఆకుపచ్చ మలం, తెల్ల భాగం, చుట్టూ కాస్త నీరు. మూడింటిలో ఏది మారినా ముందు నిన్న ఏం తిన్నదో గుర్తు చేసుకుంటాను. సాయంత్రం ఒక కాలు మడిచి, కొద్దిగా ఉబ్బి, ముక్కు కరకరమని నూరుతుంటే మాత్రం కంగారు పడక్కర్లేదు. నిద్రకి ముందు నిశ్చింతగా ఉన్నప్పుడు చేసే పని అది.

ఇక ఈమధ్య ఎక్కువగా అడుగుతున్నది, ఈకలు కూడా రాని పిల్లని తెచ్చి చేత్తో తినిపిస్తే బాగా మచ్చిక అవుతుందా అని. వద్దు. ఆ పేస్టు కొంచెం వేడెక్కువైతే మెడ దగ్గరి మేత సంచి కాలిపోతుంది, చల్లారితే అరగదు, తప్పుగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సొంతంగా గింజ ఒలుచుకుని తినడం వచ్చిన పిల్లని తెచ్చుకోండి. మచ్చిక అవుతుంది. మిరప అలా వచ్చిందే.