పెట్రాపోల్ గేటు దగ్గర

2025 జూన్‌లో కోల్‌కతా వెళ్లినప్పుడు ఒక రోజు బంగ్లాదేశ్ సరిహద్దులోని పెట్రాపోల్ కోసమే ఉంచుకున్నాను. సియాల్దాలో బనగావ్ లోకల్ ఎక్కితే సుమారు రెండు గంటలు, అక్కడినుంచి ఆటో. జెస్సోర్ రోడ్డుకు అటూ ఇటూ ఎప్పటివో నిద్రగన్నేరు చెట్లు. వాన పడుతున్నా వాటి కింద చినుకు తక్కువే.

భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య భూమార్గంలో సాగే వ్యాపారం విలువలో దాదాపు 70 శాతం ఈ ఒక్క గేటు మీదుగానే నడుస్తూ వచ్చింది. అవతలివైపు బెనాపోల్. జనం కిటకిటలాడుతుంటారనుకుని వెళ్తే, ప్రయాణికుల టెర్మినల్ ముందు పదిమంది కూడా లేరు. సామాన్లు మోసే ఒకాయన తన తోపుడుబండి మీదే కూర్చుని ఉన్నాడు.

"ఇదివరకు అన్నం తినడానికి తీరిక ఉండేది కాదు దాదా," అన్నాడు హిందీలో. "ఇప్పుడు వచ్చేది ఎక్కువగా వైద్యం కోసమే. చేతిలో రిపోర్టుల ఫైలు. దానికి కూలీ ఎందుకు?"

2024 జులైలో ఢాకా విద్యార్థులు రోడ్డెక్కింది ఉద్యోగాల్లో కోటా మీద. ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసింది, దాంతో బెనాపోల్‌లో కస్టమ్స్ పని ఆగి సరుకు నిలిచిపోయింది. ఆగస్టు 5న ప్రధాని షేక్ హసీనా గద్దె దిగి భారత్ వచ్చేశారు. కొద్ది రోజులకే లారీలు కదిలాయి కానీ కోల్‌కతా, ఢాకా మధ్య నడిచే మైత్రీ ఎక్స్‌ప్రెస్ రైలు కదల్లేదు, బంగ్లాదేశీయులకు మన టూరిస్టు వీసాలు రాలేదు. డిసెంబర్‌లో ఆమెను అప్పగించమని ఢాకా అడిగింది. ఆ తర్వాత పంతాలు సరుకు మీదికి వచ్చాయి. 2025 ఏప్రిల్ 8న, బంగ్లాదేశ్ సరుకు మన రేవుల మీదుగా ఇతర దేశాలకు వెళ్లే సౌకర్యాన్ని భారత్ రద్దు చేసింది. అదే నెలలో వాళ్లు మన నూలు భూమార్గంలో రాకుండా ఆపారు. మే 17న బంగ్లాదేశ్ రెడీమేడ్ దుస్తులు కోల్‌కతా, ముంబై దగ్గరి నవా షేవా రేవుల్లోనే దిగాలని మనవాళ్లు ఉత్తర్వు ఇచ్చారు. ఈ గేటు దాటి లారీలో వచ్చే చొక్కా అప్పుడిక ఓడెక్కాల్సి వచ్చింది.

ఆ తోపుడుబండి ఆయన ముందు నిలబడి ఇవన్నీ తలుచుకుంటుంటే నాకు కోపమే వచ్చింది. రెండు రాజధానులకూ జవాబులు చెప్పుకోవాల్సినవి చాలా ఉండొచ్చు. ఈయనకు ఆ పంతంతో ఏం పని?

రాత్రికి కోల్‌కతాలోని మార్క్విస్ స్ట్రీట్‌లో గది తీసుకున్నాను. ఢాకా నుంచి వచ్చేవాళ్ల మీదే బతికిన వీధి అది. రిసెప్షన్ వెనక చెక్క మీద తాళాలు లెక్కపెట్టాను. 24 గదులకు 19 అక్కడే వేలాడుతున్నాయి. నేను పెట్రాపోల్ వెళ్లొచ్చానని చెప్పగానే మేనేజరు రిజిస్టరు పక్కన పెట్టి అడిగాడు: "వీసాల సంగతి అక్కడ ఏమైనా చెప్పుకుంటున్నారా?"