వరదకు ముందే ఆకలి లెక్క: ఒక సన్నద్ధత ప్రణాళికతో నా అనుభవం

మా స్వచ్ఛంద సంస్థ కొన్నేళ్లుగా ఏటిగట్టు దిగువన ఉన్న ఒక ముంపు బస్తీలో నిరుపేద కుటుంబాలకు నెలనెలా సరుకులు అందిస్తోంది. వరద వచ్చినప్పుడల్లా అదే బస్తీకి హడావుడిగా ఆహార పొట్లాలు తీసుకెళ్లడం, నీరు తీశాక మళ్లీ మామూలు పంపిణీకి రావడం ఆనవాయితీగా మారింది. నెలవారీ సాయానికి ఒక పద్దు, వరద సాయానికి ఇంకొక పద్దు ఉండేవి. జాబితాలూ వేరు, వాటిని చూసే కార్యకర్తలూ వేరు. ఈ రెండింటినీ కలిపి, వర్షాకాలం మొదలయ్యేలోగా ఆచరణకు పనికొచ్చే ప్రణాళిక ఒకటి తయారు చేయవలసిన బాధ్యత నాకు అప్పగించారు. ఇలాంటి పని తలకెత్తుకోబోయే వారికి అక్కరకు వస్తుందని ఆ క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

పని సరుకుల లెక్కతో మొదలైంది. విపత్తుల్లో మానవతా సాయం కనీసం ఏ స్థాయిలో ఉండాలో చెప్పే స్ఫియర్ ప్రమాణాలు 1990ల చివర నుంచి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. వాటి ప్రకారం సగటున ఒక మనిషికి రోజుకు 2,100 కిలో కేలరీల ఆహారం అందాలి. అందులో 10 నుంచి 12 శాతం శక్తి మాంసకృత్తుల నుంచి, 17 శాతం కొవ్వు నుంచి రావాలి. దీన్ని సరుకుల్లోకి మారిస్తే మనిషికి రోజుకు 400 గ్రాముల ధాన్యం, 60 గ్రాముల పప్పు, 25 గ్రాముల నూనె, 5 గ్రాముల ఉప్పు, వీటికి తోడు కొంత చక్కెర, పోషకాలు కలిపిన పిండి అవసరమవుతాయి. అంటే ఐదుగురున్న ఇంటికి వారానికి 14 కిలోల ధాన్యం, 2 కిలోల పైచిలుకు పప్పు, కిలోకు కాస్త తక్కువగా నూనె కావాలి. అప్పటిదాకా మేమిచ్చే వరద సంచిలో ధాన్యం దండిగానే ఉండేది కానీ పప్పు, నూనె నామమాత్రంగా ఉండేవి. దాతలకు బస్తాలు కనిపించాలి, ఫొటోలో నూనె సీసా ఆనదు కదా!

ఆ లెక్కను బస్తీ సమావేశంలో చదివి వినిపించినప్పుడు వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ, "అంతా బాగానే ఉంది గానీ నాయనా, పొయ్యి మునిగాక ఈ గింజలు ఎక్కడ వండుకోమంటారు?" అని అడిగారు. ప్రణాళికలో సగభాగం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. నీరు ఇంట్లోకి వచ్చిన మొదటి మూడు రోజులూ వంటచెరకు తడిసి ఉంటుంది, గ్యాస్ బండ మంచం మీదికెక్కి ఉంటుంది, మంచినీరు ఉండదు. ఆ సమయంలో గింజలు ఇస్తే అవి కూడా తడిసి బూజు పట్టడమో, వాటిని మోయలేక ఎవరికైనా తక్కువకు అమ్ముకోవడమో జరుగుతుంది. అందుకని మొదటి 72 గంటలకు వండనవసరం లేని పొడి ఆహారం, ఆ తర్వాత మెరక మీద సామూహిక వంట, కుటుంబాలు ఇళ్లకు తిరిగి వెళ్లాకే ముడి సరుకులు అని మూడు అంచెలుగా విడగొట్టాం.

సామూహిక వంట అనడం తేలికే గానీ అందులో గడియారం పాత్ర ఎంతో ఉంది. వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగా ఉండాలి. అలా ఉంచలేకపోతే రెండు గంటలకు మించి బయట పెట్టకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలు చెబుతున్నాయి. నది అవతలి ఒడ్డున విశాలమైన వంటశాల ఒకటి ఉచితంగా ఇస్తామన్నారు. కానీ వరదలో వంతెన మూసేస్తే చుట్టుదారిలో బండి వచ్చేసరికే ఆ రెండు గంటలు గడిచిపోతాయి. అందువల్ల ఇరుకుగా ఉన్నా ఇవతలి ఒడ్డున, మెరక మీద ఉన్న పాఠశాల భవనాన్నే ఎంచుకున్నాం. దాన్ని వాడుకోవడానికి అనుమతి కోరుతూ పెట్టిన అర్జీ ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి నడిచి నడిచి, చివరికి వానలు దగ్గరపడ్డాక చేతికి వచ్చింది.

నీటి విషయంలో మాకు పెద్దగా చర్చ అవసరం పడలేదు. తాగడానికి, వంటకు, ఒంటి శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు అందాలన్నది అంగీకృత ప్రమాణం. క్లోరిన్ కలిపాక నీటిలో లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందో లేదో చూసే చిన్న పరీక్ష పెట్టెలు తెప్పించి, ఇద్దరు కుర్రవాళ్లకు వాడకం నేర్పించాం. మూతలున్న బిందెలు కావాలని అడిగితే మాత్రం దాతల్లో పెద్దగా ఉత్సాహం కనిపించలేదు. ఎవరూ అడగని పాత బట్టలు మూటలు మూటలుగా వచ్చాయి.

అన్నిటికంటే ఎక్కువ కాలం తీసుకున్నది జాబితా. మా దగ్గరున్న నెలవారీ జాబితాలో గుర్తింపు కార్డు ఉన్నవారే ఉన్నారు. ఇల్లిల్లూ తిరిగి చూస్తే ఒకే గడప వెనక అద్దెకుంటున్న రెండు మూడు కుటుంబాలు, పని స్థలంలోనే పడుకునే వలస కూలీలు, పగలు నిద్రపోయి రాత్రి పనికి వెళ్లేవారు, పిల్లలు దూరాన ఉండగా ఒంటరిగా బతుకుతున్న వృద్ధులు కనిపించారు. బట్టలు కుట్టుకుని బతికే ఒకాయనకు చెవులు వినిపించవు. అంతకుముందు వరదలో మైకు ప్రకటన బస్తీ అంతా విన్నది. ఆయనకు మాత్రం నీరు కుట్టుమిషను పెడలు దాకా వచ్చాకే సంగతి తెలిసింది. ఇలాంటి ప్రతి ఒక్కరి పేరు ఎదురుగా, కబురు చెప్పే బాధ్యత తీసుకున్న పొరుగువారి పేరు కూడా రాశాం. ప్రణాళిక మొత్తంలో పైసా ఖర్చు లేని భాగం ఇదే. నన్నడిగితే అత్యంత విలువైనది కూడా ఇదే.

ఎవరికి ముందు చేరాలి అన్న ప్రశ్నకు జవాబు వరద లోతులో మాత్రమే దొరకదు. మామూలు రోజుల్లోనే పస్తులతో నెట్టుకొస్తున్న ఇంటికి ఒక్కరోజు కూలి పోయినా తట్టుకునే శక్తి ఉండదు. దీన్ని కొలవడానికి ఆహార సహాయ సంస్థలు వాడే ఒక పద్ధతిని తీసుకున్నాం. గడిచిన ఏడు రోజుల్లో ఎన్ని రోజులు తక్కువ రకం ఆహారంతో సరిపెట్టుకున్నారు, ఎన్ని రోజులు ఇరుగుపొరుగును చేబదులు అడిగారు, ఎన్ని రోజులు వడ్డన తగ్గించుకున్నారు, ఎన్ని రోజులు పూట మానేశారు, పిల్లలకు సరిపోవాలని పెద్దలు ఎన్ని రోజులు తమ తిండి తగ్గించుకున్నారు అన్నవి అందులోని ఐదు ప్రశ్నలు. ఒక్కో జవాబుకు ఒక్కో బరువు ఉంటుంది: చేబదులుకు 2, పిల్లల కోసం పెద్దలు తగ్గించుకోవడానికి 3, మిగిలిన మూడింటికీ ఒక్కొక్కటి. ఆ ఐదో ప్రశ్న దగ్గర చాలామంది తల్లులు "అది రోజూ ఉండేదే కదా, అది కూడా రాసుకుంటారా?" అని నవ్వేశారు. మార్కులు కూడాక చూస్తే, ఏటికి ఆనుకుని ఉన్న పక్కా ఇళ్ల కంటే కాస్త మెరకగా ఉన్న అద్దె గదుల వరుసే ముందు సాయం అందవలసిన చోటుగా తేలింది. నది దగ్గరున్న ఇళ్లవారికి ఇది రుచించలేదు. సమావేశంలో మాటలు పెరిగాయి. మార్కుల పట్టికను పేర్లు తీసేసి గోడకు అంటించాక వాదన కొంత సద్దుమణిగింది.

చంటిపిల్లల విషయంలో గట్టిగా ఉండవలసి వచ్చింది. ఒక దాత పెట్టెలకొద్దీ పాలపొడి డబ్బాలు ఇస్తామని ముందుకొచ్చారు. తల్లిపాలకు ప్రత్యామ్నాయాలను విపత్తుల్లో విరాళంగా అడగకూడదు, వచ్చినా తీసుకోకూడదు అన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. కలుషిత నీటితో, కడగని సీసాలతో కలిపిన పాలపొడి అతిసారానికి దారి తీస్తుంది. ఉచితంగా దొరికింది కదా అని పాలిచ్చే తల్లి మానేస్తే ఆమెకు పాలు తగ్గిపోతాయి. 2006లో ఇండోనేషియాలోని జావా భూకంపం తర్వాత విరాళపు పాలపొడి అందిన పిల్లల్లో విరేచనాలు ఎక్కువగా కనిపించాయని పరిశీలనలో తేలింది. ఇదంతా విడమరచి చెప్పి, ఆ సొమ్మును పాలిచ్చే తల్లులకు అదనపు పోషకాహారం కోసం, వారు చాటుగా కూర్చునే తెర గది కోసం ఇవ్వమని కోరాం. దాత మొదట నొచ్చుకున్నా చివరికి ఒప్పుకున్నారు. అప్పటికే డబ్బా పాల మీద ఉన్న పసికందుల పేర్లు విడిగా రాసి, వారి బాధ్యతను ఆరోగ్య కార్యకర్తకు అప్పగించాం.

నిల్వ సరుకు ఏటికేడు మూలపడి పురుగు పట్టడం ఇలాంటి సంస్థలన్నిటికీ తెలిసిన బాధే. వరద వస్తుందని కొన్నది వరద రాకపోతే గోదాములోనే గడువు దాటుతుంది. రెండు పద్దులనూ కలపడం వల్ల ఈ చిక్కు విడిపోయింది. నెలవారీ పంపిణీకి సరుకు ఎప్పుడూ వరద నిల్వ నుంచే తీస్తాం, కొత్తగా కొన్నది ఆ ఖాళీలో చేరుతుంది; ముందు గడువు ముగిసేది ముందు బయటికి పోతుంది. బస్తాలను చెక్క పలకల మీద, గోడకు ఎడంగా పేర్చాం. గోదామును కూడా పాత వరద గుర్తుకంటే ఎత్తులో ఉన్న భవనంలోకి మార్చాం, ఎందుకంటే సాయం చేయవలసిన సరుకే ముందు మునిగితే చేసేదేమీ ఉండదు.

ఇక కదలవలసిన క్షణం ఏది? హెచ్చరికకూ సాయానికీ మధ్య ఉండే ఆ కాస్త సమయం ఎంత విలువైనదో బంగ్లాదేశ్ చరిత్ర చెబుతుంది. 1970 నాటి భోలా తుఫానులో అక్కడ మూడు లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. ఆ తర్వాత ఊరూరా స్వచ్ఛంద కార్యకర్తలతో హెచ్చరికలు చేరవేసే కార్యక్రమం మొదలైంది, తుఫాను షెల్టర్లు పెరిగాయి. 2007లో తీవ్రమైన సిద్ర్ తుఫాను వచ్చినప్పుడు అధికారిక మృతుల సంఖ్య నాలుగు వేల లోపే ఉంది. 2020 జులైలో అదే దేశంలో జమున నది ఒడ్డున ఉన్న వేలాది కుటుంబాలకు వరద పతాక స్థాయికి చేరకముందే ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ ఆహార కార్యక్రమం నగదు అందించింది. మేమూ ఆ బాటలోనే రెండు గీతలు పెట్టుకున్నాం: నీరు మొదటి హెచ్చరిక మట్టానికి చేరుతుందని అంచనా వెలువడగానే పొడి ఆహారం బస్తీ చివరి వరుస దాకా చేరాలి, ప్రమాద మట్టం అంచనా వెలువడితే వృద్ధులను, గర్భిణులను పాఠశాల భవనానికి తరలించాలి. అంచనా తప్పి వరద రాకపోతే డబ్బు దండగ కదా అని కార్యవర్గంలో ఒకరు అభ్యంతరం చెప్పారు. ఇచ్చిన ఆహారం ఎలాగూ ఆకలితో ఉన్నవారే తింటారు, దాన్ని ఆ నెల సరుకులో మినహాయించుకుంటామని రాసిపెట్టాక ఆమోదం లభించింది.

కాగితం మీద కుదిరినదంతా, వరద వచ్చిందనుకుని చేసిన కసరత్తులో పరీక్షకు వచ్చింది. టోకెన్లు పంచాం, వృద్ధులకూ చంటిబిడ్డల తల్లులకూ వేరే వరుస పెట్టాం, కుట్టుపని ఆయనకు పొరుగింటి అబ్బాయి వెంటనే కబురు చెప్పాడు. తీరా అందరూ పాఠశాలకు చేరాక తాళం తీసేవారు లేరు. తాళంచెవి ఉన్న వ్యక్తి ఇల్లు నది అవతల ఉంది! అనుమతి పత్రంలో అన్ని షరతులూ ఉన్నాయి గానీ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో లేదు. ఇప్పుడు మారు తాళంచెవులు బస్తీలోనే, రెండు వేర్వేరు ఇళ్లలో ఉన్నాయి.

ఆ వర్షాకాలంలో నది మొదటి గీత దాటింది గానీ రెండో గీత దాకా రాలేదు. పొడి ఆహారం నీటికంటే ముందే అద్దె గదుల వరుసకు చేరింది. అయితే జాబితా రాసిన తర్వాత గదుల్లో దిగిన కొత్త కుటుంబాల పేర్లు అందులో లేవు, వారికి విడి పొట్లాల్లోంచి ఇవ్వవలసి వచ్చింది. అద్దెకు వచ్చేవారు, వెళ్లేవారు ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటారు కాబట్టి ఇప్పుడు నెలవారీ పంపిణీ రోజునే ఆ వరుస జాబితాను సరిచూస్తున్నాం. తదుపరి కసరత్తు చీకటి పడ్డాక, కరెంటు ఆపేసి చేయాలని నిర్ణయించాం. టార్చిలైట్ల ఖర్చును కలిపేసిన ఆ పద్దులో ఏ వరుసలో చూపాలన్నది కోశాధికారి ఇంకా తేల్చవలసి ఉంది.